గాయం మానే కథల్లో స్నేహితురాలు ఎక్కడ?

ప్రశ్న: వానచినుకు

అందరికీ నమస్కారం. నాకు నలభై రెండేళ్లు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. పద్నాలుగేళ్ల కాపురం కోర్టులో ముగిసి రెండేళ్లవుతోంది. సానుభూతి కోసం ఈ మాట చెప్పడం లేదు. నా ప్రశ్న ఎక్కడి నుంచి పుట్టిందో మీకు తెలిస్తే జవాబు చెప్పడం సులువవుతుందని చెబుతున్నాను.

ఈ రెండేళ్లలో నేను ఎక్కువగా చదివినవి ఇంగ్లీషులో ఈమధ్య వరసగా వస్తున్న స్త్రీల నవలలు. వాటి కథ దాదాపు ఒకటే. మనసు విరిగిన ఒకావిడ ఉద్యోగం వదిలి సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరికి వెళ్లి, అక్కడ కేకుల దుకాణమో పుస్తకాల దుకాణమో పెట్టుకుంటుంది, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లతో స్నేహం కుదురుతుంది, మెల్లగా తేరుకుంటుంది. రాత్రి పదకొండు గంటలకు నిద్ర పట్టనప్పుడు ఆ పుస్తకాలు నాకు నిజంగా తోడున్నాయి కనుక వాటిని తేలిక చేయను. అయితే చివరి నలభై పేజీల్లో ఎవరో ఒకాయన పడవ బాగుచేసుకుంటూ ప్రత్యక్షమవుతాడు. అంతవరకూ ఆమెకు అన్నం పెట్టి, అర్ధరాత్రి ఫోను ఎత్తిన స్నేహితురాళ్లు పెళ్లిలో అక్షింతలు వేసేవాళ్లుగా మిగిలిపోతారు. అక్కడికి వచ్చేసరికి నాకు పుస్తకం మూసేయాలనిపిస్తుంది.

మన భాషలో ఇలాంటివి వెతుకుదామనుకుంటే, నేను పెరిగిన నవలల్లో స్నేహితురాలు ఇంకా వెనకబడి ఉంది. ప్రబంధాల్లో చెలికత్తె చందనం పూసి, చిలక రాయబారం నడిపి తప్పుకున్నట్టే, మా అమ్మ తరం నవలల్లో కూడా ఆమె హీరోయిన్ చేతికి ఉత్తరం అందించి, రెండు హాస్యపు మాటలు చెప్పి వెళ్లిపోతుంది. ఒక స్త్రీ దెబ్బతిని తేరుకోవడంలో ఇంకో స్త్రీకి నిజమైన పాత్ర ఉన్న తెలుగు కథలు, నవలలు మీకు తెలిస్తే చెప్పండి. చివర్లో ప్రేమ ఉన్నా ఫరవాలేదు. స్నేహం మాత్రం దానికి నిచ్చెనలా వాడుకుని వదిలేసినది కాకూడదు.

జవాబు: పాతపుస్తకం

వానచినుకు గారూ, మీరు ముందుగా చదవవలసినది నవల కాదు, పట్టుమని పది పేజీలు లేని కథ. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’. చదివే ఉంటారేమో. చదివినా, ఈ ప్రశ్నను మనసులో పెట్టుకుని మళ్లీ ఒకసారి చదవండి.

ఇల్లలుకుతూ ఇల్లలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ కథ మనందరికీ తెలుసు. ఆ ఈగ అందరినీ అడుగుతూ పోతే, ఆఖరికి గుర్రం కడుపులోని పిల్ల నవ్విన నవ్వులో దానికి తన పేరు దొరుకుతుంది. సత్యవతి గారు ఆ ఈగ స్థానంలో ఒక గృహిణిని పెట్టారు. చదువూ సరదా ఉన్న ఒక అమ్మాయి, పెళ్లయ్యాక ఇంటిని అద్దంలా ఉంచడంలో మునిగిపోయి, ఒకరోజు తన పేరేమిటో గుర్తు రాక నిలబడిపోతుంది. పనిమనిషికి ఆమె అమ్మగారు. ఇరుగుపొరుగుకు ఫలానా ఆయన భార్య. పిల్లలకు అమ్మ. మొగుడికి ఏమోయ్. సర్టిఫికెట్లలోనైనా ఉంటుందేమోనని పుట్టింటికి బయలుదేరుతుంది.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ పేరు చెప్పేది తల్లీ కాదు, తండ్రీ కాదు, భర్త అంతకన్నా కాదు. దారిలో ఎదురుపడిన చిన్ననాటి స్నేహితురాలు ఆమెను చూడగానే పేరు పెట్టి పిలుస్తుంది. పేరు ఒక్కటే చెప్పి ఊరుకోదు. బడిలో నువ్వు ఎంత బాగా చదివేదానివి, పాట పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని మరిచిపోయిన మనిషినంతా తిరిగి తెచ్చి ఇస్తుంది. ఆ స్నేహితురాలు కథలో కనిపించేది కొద్దిసేపే. అయినా కథ మొత్తం ఆమె పిలుపు కోసమే నడిచింది. ఇక్కడ తేరుకోవడమంటే కొత్త మనిషి కావడం కాదు. మనం ఇలా కాకముందు మనల్ని ఎరిగిన సాక్షి దొరకడం. ఆ సాక్ష్యం కట్టుకున్నవాడు చెప్పలేడు, ఎందుకంటే అతనికి తెలిసింది పెళ్లి తరవాతి మనిషే.

రెండోది ఓల్గా గారి ‘విముక్త’. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది కనుక పేరు వినే ఉంటారు. సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను విడివిడిగా కలుసుకునే కథలవి. నాకు ఇష్టమైనది మొదటి కథ ‘సమాగమం’. ముక్కూ చెవులూ పోగొట్టుకున్న శూర్పణఖ అడవిలో ఒక తోట పెంచుకుంటూ ఉంటుంది. అందమైన దేన్ని చూసినా ద్వేషం పుట్టిన రోజుల నుంచి మొక్కలతో చెలిమి దాకా తాను ఎలా వచ్చిందో, సీత భర్త, మరిది వల్ల నష్టపోయిన శూర్పణఖ, ఆ భర్త వదిలేసిన సీతకు చెబుతుంది. పురాణం వాళ్లిద్దరినీ ఒక మగవాడికి అటూ ఇటూ నిలబెట్టింది. రచయిత్రి ఒక చెట్టు నీడన కూర్చోబెట్టింది. మీరు అడిగిన ప్రేమ కూడా ఉందండోయ్, శూర్పణఖకు ఒక సహచరుడున్నాడు. అయితే అతను ఆమె కోలుకున్నాక వచ్చినవాడు, కోలుకోవడానికి వచ్చినవాడు కాదు. తేడా అంతా అక్కడే ఉంది.

  

జవాబు: అద్దెనవల

పాతపుస్తకం గారు చెప్పినవాటిలో నాకు పేచీ లేదు. కానీ వానచినుకు గారు మా అమ్మ తరం నవలలను చెలికత్తెల లెక్కలో తోసిపుచ్చడం మాత్రం నాకు నచ్చలేదు. ఆరడుగుల అందగాడు, పడవంత కారు అని యద్దనపూడి సులోచనారాణి గారి నవలల మీద అందరూ జోకులు వేసినవాళ్లే. ఆ నవలల్లో స్నేహితురాలి పాత్ర పల్చన అన్నది నిజమే, ఒప్పుకుంటాను. నేను చెప్పేది వేరు. ఆ నవలల్లో స్నేహం పుస్తకం లోపల లేదు, బయట ఉంది.

మా ఇంట్లో చూసిందే చెబుతాను. డెబ్భైల చివరి మాట. తెనాలిలో మేమున్న వాటాల ఇంట్లో మా అమ్మ ఒక వారపత్రిక, పక్క వాటా ఆవిడ ఇంకో వారపత్రిక తెప్పించుకునేవారు. రెండూ కొనే స్తోమత ఇద్దరికీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం గిన్నెలు తోముకున్నాక పత్రికలు మార్చుకునేవారు. సీరియల్ పూర్తయ్యాక ఆ పేజీలన్నీ జాగ్రత్తగా చింపి, వరసలో పేర్చి, అట్టలకు పాత క్యాలెండరు కాగితం అంటించి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టేవారు. ఒకరు కాగితాలు కదలకుండా మోకాలితో అదిమి పట్టుకుంటే ఇంకొకరు కుట్టాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆ కుట్టే రెండు గంటల్లో హీరో గురించి మాట్లాడుకున్నది పావుగంట. మిగతాదంతా మా నాన్న కోపం, ఆవిడ ఆడపడుచు ఆగడాలు, పోయిన ఏడాది ఆవిడకు పుట్టి పోయిన బిడ్డ. ఆ బిడ్డ గురించి ఆవిడ ఏడవగా నేను చూసింది ఆ పుస్తకం కుడుతున్నప్పుడే. సీరియల్లో హీరోయిన్ కోసం ఏడుస్తున్నట్టు మొదలుపెట్టి, కాసేపటికి తన కోసం ఏడ్చింది. మా అమ్మ ఏమీ అనలేదు. దబ్బనం తీసుకుని మిగతా కుట్టు తను కుట్టింది.

తరవాత వాళ్లాయనకు బదిలీ అయింది. ఆ ఏడాది అమ్మ కుట్టిన పుస్తకంలో మధ్యలో పదకొండు వారాలు లేవు. ఇప్పటికీ అది నా దగ్గర ఉంది.

వాళ్లిద్దరూ ఒకరినొకరు ‘వదినా’ అని పిలుచుకునేవారు తప్ప స్నేహితురాలు అన్న మాట వాడగా నేను వినలేదు. మన ఆడవాళ్ల స్నేహాలు అక్క, వదిన, పిన్ని అన్న పిలుపుల వెనక దాక్కుని బతికాయి. ఇంట్లో అడిగితే చెప్పడానికి ఒక వరస ఉండాలి కదా. నవలల్లో మీరు స్నేహితురాలిని వెతికితే దొరకదు. వదిన కోసం, పక్కింటి పిన్నిగారి కోసం వెతకండి. అలాగే పాఠకుల ఉత్తరాలకు మాలతీ చందూర్ గారు జవాబులిచ్చిన ‘ప్రమదావనం’ శీర్షికను కూడా మరవకండి. ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాలపాటు నడిచిన ఆ శీర్షికను, సీరియల్ను మా అమ్మ ఒకే ఊపులో చదివేది. సీరియల్లో కష్టం కథగా ఉండేది, శీర్షికలో ఉత్తరంగా ఉండేది.

జవాబు: డాలస్ ఆవకాయ

అద్దెనవల గారి జ్ఞాపకం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక మాట అడగాలి. ఆ వాటాల ఇంట్లో పుస్తకం మార్చుకున్నంత సులువుగా, ఆ ఇంటి అరుగు ఎక్కడానికే వీల్లేని ఆడవాళ్లతో కూడా మార్చుకునేవారా? వదినా అన్న పిలుపుకు వరస కావాలన్నారు. ఆ వరస కలవడానికి కులం కూడా కలవాలి. మన స్త్రీల నవలల్లో స్నేహం గురించి మాట్లాడేటప్పుడు ఈ గోడను చూడకుండా దాటేస్తున్నామని నా అనుమానం. మానస ఎండ్లూరి ‘మిళింద’ కథలకు 2020లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ గోడకు అవతలివైపు నుంచి ప్రేమ, స్నేహం ఎలా కనిపిస్తాయో చూడాలంటే అది చదవండి.

‘విముక్త’ విషయంలో పాతపుస్తకం గారితో నాకు కొంచెం తేడా ఉంది. గొప్ప పుస్తకమే. కానీ అందులోని స్త్రీలు సీతను కలిసే వేళకే పండిపోయిన మనుషులు, తేరుకున్నాక ఒడ్డున నిలబడి మాట్లాడతారు. వానచినుకు గారి వంటి పరిస్థితిలో ఉన్నవారికి ఇంకా నీళ్లలో ఉన్న మనిషి కథ కావాలేమో. 1987 నాటి ఓల్గా గారి నవల ‘స్వేచ్ఛ’లో అరుణ అలాంటి మనిషి. పుట్టింటి కట్టుబాట్ల నుంచి ప్రేమ పెళ్లి విడిపిస్తుందని నమ్మి, ఆ పెళ్లిలోనూ ఊపిరాడక బయటికి వస్తుంది. తప్పటడుగులు వేస్తుంది, అనుమానపడుతుంది. నాకు ఆమె నమ్మదగ్గ మనిషిగా కనిపించింది.

ప్రేమ ముఖ్యంగా ఉన్నది కావాలంటే కల్పనా రెంటాల గారి ‘తన్హాయి’ ఉంది. అమెరికాలోని తెలుగు కుటుంబాల మధ్య, ఎవరి సంసారం వారికున్న ఇద్దరి మధ్య పుట్టిన ప్రేమ. బ్లాగులో వారం వారం వస్తున్నప్పుడే పాఠకులు తిట్టారు, మెచ్చారు, పోట్లాడుకున్నారు. మీరడిగిన స్నేహం అందులో ముఖ్యం కాదు. అయినా ప్రేమ వచ్చినంత మాత్రాన గాయం మానదని తెలిసిన నవల కనుక చెబుతున్నాను.

ఇంకో చిన్న మాట, అడగకపోయినా. రెండేళ్లయినా రాత్రి పదకొండు దాటాక నిద్ర పట్టడం లేదంటే పుస్తకం చేయగలిగినదానికి ఒక హద్దుంది. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మళ్లీ: వానచినుకు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిద్ర సంగతి కొంత నయం, ఆ నంబరు మాత్రం రాసి పెట్టుకున్నాను. అద్దెనవల గారూ, చెలికత్తెల మాట వెనక్కి తీసుకుంటున్నాను. డాలస్ గారి ప్రశ్నకు మీ జవాబు కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.

‘ఇల్లలకగానే’ నిన్న రాత్రి చదివాను. కాలేజీలో చదివిన కథే. అప్పుడు ఆ గృహిణిని చూసి నవ్వుకున్నట్టు గుర్తు. ఇప్పుడు నాకు అనుకోని చోట తగిలింది. నా పేరు నేను మరిచిపోలేదు. బ్యాంకులో మెడలో వేలాడుతూనే ఉంటుంది. చదవడం అయ్యాక ఎందుకో ఫోను తీసి చూసుకున్నాను. మా అపార్ట్‌మెంటులో ఆడవాళ్ల నంబర్లు పదమూడు ఉన్నాయి. చింటూ వాళ్ల అమ్మ, 302 ఆంటీ, లాయరు గారి మిసెస్, మామిడికాయల ఆవిడ. వాటిలో పేరుతో ఉన్నవి రెండే. నా కేసు నడుస్తున్న రోజుల్లో వాయిదాకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ తలుపు కొట్టి గిన్నెలో చారు, డబ్బాలో అన్నం పెట్టి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వెళ్లిపోయిన మనిషి నా ఫోనులో ఇప్పటికీ 302 ఆంటీయే. ఆవిడ నాకన్నా అయిదారేళ్లు పెద్ద, అంతే.

పొద్దున్నే పాల ప్యాకెట్ల దగ్గర కనిపిస్తే, ఇన్నాళ్లకు ఇలా అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దని, పేరేమిటని అడిగాను. ఆవిడ నవ్వి చెప్పి, మీ పేరు మాత్రం నాకు మొదటి నుంచీ తెలుసు, మీ లెటర్‌బాక్సు మీద చదివాను అన్నది. ఆ పేరు ఇక్కడ రాయను. ఫోనులో మాత్రం మార్చాను. రేపు ఆ కథ ప్రింటు తీసి ఆవిడకు ఇస్తానన్నాను. కళ్లజోడు పవరు మారింది, మీరే చదివి వినిపించండి అన్నది.