అలస్కా బారో నుంచి స్వాల్‌బార్డ్‌కు ఫ్లైట్‌ల ఎంతసేపు పడ్తది?

దేవరకొండ నాన్న:
అన్నలారా, మా బిడ్డ తొమ్మిదో తరగతి, సోషల్ ప్రాజెక్టుకు ఆర్కిటిక్ తీసుకున్నది. అలస్కా కొసకున్న ఉట్కియాగ్‌విక్, అదే పాత పేరు బారో, ఆడికెళ్లి నార్వేవాళ్ల స్వాల్‌బార్డ్ దీవులల్ల ఉన్న లాంగ్‌ఇయర్‌బెన్ ఊరు దాక కొట్టి చూస్తే 3,380 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు అని వస్తున్నది. గోడ మ్యాపుల జూస్తే ఒకటి ఈ కొసకు, ఒకటి ఆ కొసకు ఉన్నయి, గంత దగ్గరెట్లయితది? టికెట్ చూద్దామంటే డైరెక్టు ఫ్లైటే లేదు. చార్టు మీద ఏం రాయమంటరు?

పాలమూరు జాగ్రఫీ:
దూరం కరెక్టే అన్నా. గోడ మ్యాపుల ఉత్తరం దిక్కు పోయినకొద్ది సాగదీసి గీస్తరు. గ్లోబు మీద దారం పెట్టి గుంజమను, ఉత్తర ధృవం పక్కకెళ్లే పోతది. రెండూర్లు ధృవానికి చెరో పక్క దాదాపు ఎదురెదురుగ ఉన్నయి, బారో నుంచి ధృవం 18.7 డిగ్రీలు, లాంగ్‌ఇయర్‌బెన్ నుంచి 11.8, కలిపితే 30.5, డిగ్రీకి 111 కిలోమీటర్లు వేస్కో, దాదాపు అంతే వస్తది. బిడ్డతోనే చేయించు, మార్కులు ఆ లెక్కకే పడ్తయి.

గాలిమోటారు:
టైం సంగతి వేరే. నాలుగున్నర గంటలంటే దూరాన్ని జెట్ స్పీడుతోని భాగించిన లెక్క. బారోల ఐదు వేల మంది, అటు రెండున్నర వేల మంది, ఇంక రెగ్యులర్ ఫ్లైటు ఎవరు నడుపుతరు? నిజంగ పోవాలంటే బారో నుంచి కిందికి యాంకరేజ్, ఆడికెళ్లి సియాటెల్, యూరప్‌ల ఇంకో ఎయిర్‌పోర్టు, ఓస్లో, మళ్ల పైకి లాంగ్‌ఇయర్‌బెన్, ఆ ఆఖరుదే మూడు గంటలు, మధ్యల వెయిటింగులు కలిపితే రోజు దాటుతది. గడియారం తేడా కూడ 10 గంటలు ఉన్నది, అది మర్చిపోవద్దు. అందుకే చార్టు మీద లెక్కల వచ్చే టైము, నిజంగ పోతే పట్టే టైము రెండు వేరేవేరేగ రాయమను.

సాగర్ కట్ట:
బారో దిక్కు నుంచి స్వాల్‌బార్డ్‌కే 1928 ఏప్రిల్‌ల ఇద్దరు ఎగిరిన్రు! అన్వేషకుడు హ్యూబర్ట్ విల్కిన్స్, పైలట్ కార్ల్ బెన్ ఐల్సన్, ఒకటే ఇంజను ఉన్న లాక్‌హీడ్ వేగా విమానంల. పాయింట్ బారో నుంచి స్వాల్‌బార్డ్‌ల పెద్ద దీవి స్పిట్స్‌బెర్గెన్ దిక్కు 20 గంటలకు పైగ గాల్లోనే ఉన్నరు, తుఫాను పట్టుకుంటే మనుషుల్లేని దీవిల దిగి కొన్ని రోజులు ఆగిపోయిన్రు. నాకైతే ఈ ముచ్చట చదివినప్పటి నుంచి మనసుల నుంచి పోతలేదు. అప్పుడు దారి చూపెట్టే శాటిలైట్ లేదు, అయస్కాంతం దిక్సూచి ధృవం దగ్గర సరిగ పనిచెయ్యది, సూర్యుణ్ణి చూస్కుంటనే పోవాలె. చార్టుల తప్పక పెట్టమను.

దేవరకొండ నాన్న:
మస్తు చెప్పిన్రు. మన ఇండియాది హిమాద్రి పరిశోధన స్టేషన్ కూడ ఆ దిక్కే కదా, దానికి ఎట్ల పోతరు?

పాలమూరు జాగ్రఫీ:
అది స్వాల్‌బార్డ్‌లనే నీ-ఆలెసున్ అనే ఊర్ల ఉన్నది, 2008ల తెరిచిన్రు. లాంగ్‌ఇయర్‌బెన్ నుంచి సుమారు 110 కిలోమీటర్లు, నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయినంత, కాని మధ్యల రోడ్డే లేదు. చిన్న డోర్నియర్ విమానంల అర్ధగంట లోపే, ఎండాకాలంల పడవ కూడ పోతది.