ఆడపిల్ల ఎదిగే వయసు మీద ఉత్తరాంధ్ర మాటలో పుస్తకం కావాలి

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ప్రతి ఆదివారం గంటన్నరసేపు 9 మంది పిల్లలతో తెలుగు కథలు చదివిస్తున్నాను. వయసు 13 నుంచి 16, అందులో ఆరుగురు ఆడపిల్లలు. బడిలో ఒడియా మీడియం, ఇంట్లో మన శ్రీకాకుళం తెలుగు. అక్షరాలు వచ్చు గానీ గంటకి ఏడెనిమిది పేజీలు దాటవు.

చిన్నతనం వదిలి పెద్దవాళ్లయ్యే వయసు మీద మంచి పుస్తకం కోసం మూడు నెలలుగా వెతుకుతున్నాను. ‘బుడుగు’ కడుపుబ్బ నవ్వించింది, కానీ బుడుగు ఎదగడు కదా. ‘చివరకు మిగిలేది’ నాకు ప్రాణం. తల్లి గురించి లోకం అన్న మాటలు ఆ నవల కథానాయకుడు దయానిధిని పెద్దయ్యాక కూడా వదలవు. పిల్లలకి మాత్రం ఆ వాక్యాలు బరువయ్యాయి, రెండో వారానికే ఆపేశాం. నామిని ‘మిట్టూరోడి కతలు’ చిత్తూరు యాస, మాటమాటకీ అర్థం చెప్పాల్సొచ్చింది.

చాసో కథ ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ ఒక్కటే సూటిగా తగిలింది. చదువు ఆగిపోయిన కుర్రాడి సిగ్గు, అదీ మా పిల్లలకి దగ్గరి మాటలో! చదవడం అయ్యాక ఎవరూ లేవలేదు. ఒక పాప మాత్రం, "ఇలాంటిది ఆడపిల్ల గురించి లేదా?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. దొరికినవన్నీ పెళ్లి దగ్గర మొదలయ్యేవే.

12-16 ఏళ్ల అమ్మాయి తన ఎదుగుదలని తనే చెప్పుకునే, ఉత్తరాంధ్ర మాటలో రాసిన, 150 పేజీలు మించని నవల గానీ పెద్ద కథ గానీ మీరు చదివినవాటిలో ఏదైనా ఉందా?