సమస్య: "తల్లి తోలు దినుచు పిల్ల పెరిగె"

వశిష్ఠ తీరం (నిర్వాహకుడు):
కాలువలు కట్టేసి వారం దాటింది. మా వీధి చివర పంటబోదెలో పూడిక తీస్తున్నవాళ్లు నిన్న సాయంత్రం నన్ను కేకేసి పిలిచారు. పారతో ఎత్తిన బురదలో జానెడున్నర పొడవున ఏదో మెలికలు తిరుగుతోంది. ఒకరు మలుగు (పాములా ఉండే చేప) అన్నారు, ఒకరు గుడ్డిపాము అన్నారు, మేస్త్రీ గారు మాత్రం "వానపాముకు ముత్తాత" అని తేల్చేశారు. ఫొటో తీసి మన జంతుశాస్త్రి గారికి పంపాను. అది ఏమిటో ఆయనే చెబుతారు. మాటల మధ్య ఆయన చెప్పిన ఒక సంగతి మాత్రం నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. తెల్లవారేసరికి పాదం తయారైంది.

*తల్లి తోలు దినుచు పిల్ల పెరిగె*

ఉన్నమాట చెప్పినా సరే, విరుపుతో తప్పించుకున్నా సరే. ఆదివారం రాత్రి దాకా గడువు. పోయినసారిలాగా పూరణ పంపకుండా పాదం మీద వ్యాసాలు రాయవద్దు. ఎవరిని అంటున్నానో వారికి తెలుసు.

గౌతమి గట్టు:
తెలిసింది. ఈసారి ప్రాసయతి శుభ్రంగా పడింది కనుక వ్యాసం రాయను.

లంకమేత:
మొదటి బోణీ నాదే.

అరటిపండు గుజ్జు నారగించి మనము
విసరినట్టి తొక్క వీథి చివర;
మేక యీనె నచట, మేలాయె, నవ్వకు
తల్లి! తోలు దినుచు పిల్ల పెరిగె.

గౌతమి గట్టు:
"నవ్వకు" అన్నారు కాబట్టి నవ్వను. ఈనిన మేక అక్కడే ఉండగా పిల్ల పాలు తాగకుండా అరటితొక్క నమలడం ఏమిటండీ? మీ లంకలో మేకలు అలాగే పెరుగుతాయా? "తల్లి!" అని సంబోధన చేసి విరవడం మాత్రం బాగుంది. ఆ విరుపు ఎక్కడో చూసినట్టుంది. సంక్రాంతికి నేను పంపిన పూరణలో అనుకుంటాను.

లంకమేత:
కామా మీ సొంత ఆస్తి అని నాకు తెలియదండీ.

కొత్తావకాయ:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇది నా రెండో పూరణ. తప్పులుంటే చెప్పండి. డిగ్రీలో మా ప్రయోగశాలలో ఒక సీసా ఉండేది. అందులో ఇక్తియోఫిస్ అనే, పాములాంటి కాళ్లులేని జీవి తన గుడ్ల చుట్టూ చుట్టుకుని ఉండేది. అది గుర్తొచ్చింది. ఇంకో చిన్న సందేహం, "తోలు తినుచు" అనాలి కదా, "దినుచు" ఎలా వచ్చింది?

గుడ్లు చుట్టి తల్లి గుండ్రముగా పండి
కాపు కాచె కాలువ గట్టులోన;
గుడ్డు పగులునాడె కూనల కాకలి;
తల్లి తోలు దినుచు పిల్ల పెరిగె.

వశిష్ఠ తీరం:
"తోలు" ఇక్కడ ప్రథమ, దాని మీద గసడదవాదేశం వచ్చి "తి" కాస్తా "ది" అయింది. మూడో పాదం చాలా బాగుందమ్మా. రెండో పాదంలో "కాలువ" దగ్గర కాలు జారింది. "కాల్వ" అంటే సరిపోతుంది.

గౌతమి గట్టు:
ఇంకొకటి. "గుండ్రముగా" ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉంది. దాని మీద "పండి" నిలవదు, "బండి" కావాలి.

లంకమేత:
బండి అయితే గుడ్ల మీదుగా పోతుంది కదండీ.

కొత్తావకాయ:
"పండి" వదిలేసి మొదటి పాదం మళ్లీ రాస్తాను. "కాల్వ" సవరణకు ధన్యవాదాలు. మా అమ్మమ్మ కూడా కాల్వ అనే అంటుంది. గణం సంగతి ఆవిడకే తెలుసన్నమాట.

జంతుశాస్త్రి:
ముందు బోదె సంగతి. ఫొటోను పెద్దది చేసి చూశాను. తల వెనక రెండు పక్కలా చిటికెన గోరంత రెక్కలు కనిపిస్తున్నాయి. అది మలుగు, అదీ పిల్ల మలుగు. మేస్త్రీ గారి ముత్తాత సిద్ధాంతం వీగిపోయింది. ఆయన మనసులో ఉన్నదీ, నిర్వాహకుడి నిద్ర చెడగొట్టినదీ వేరే జంతువు. దాని పేరు సిసీలియన్. కప్పలకూ సాలమాండర్లకూ చుట్టం. కాళ్లుండవు, ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టు ముడతలు. చాలావాటికి ఆ ముడతల్లో చిన్న పొలుసులు కూడా దాగి ఉంటాయి. ఇప్పుడున్న మిగతా ఉభయచరాల్లో పొలుసులున్నవి లేవు. వానపాముతో పోల్చడంలో అన్యాయం ఏమిటంటే దీనికి పుర్రె ఉంది, దవడలున్నాయి, పళ్లున్నాయి. పైగా ఆ పళ్లతో అది తినేది వానపాములనే. ముత్తాత మునిమనవణ్ణి తింటాడా?

కొత్తావకాయ గారి ఇక్తియోఫిస్ మన దేశపు జంతువే. గుడ్ల చుట్టూ తల్లి చుట్టుకుని పడుకోవడం నూటికి నూరుపాళ్లు నిజం. చిక్కంతా తర్వాత ఉందమ్మా. వాటి పిల్లలు గుడ్డు పగలగానే నీళ్లలోకి పోతాయి. తల్లి తోలు జోలికి రావు. మూడో పాదం దాకా మీది శాస్త్రం, నాలుగో పాదంలో నిర్వాహకుడి బలవంతం.

నా పూరణ:

కాళ్లు లేవు, కనులు గానరావు, బురద
మంటిలోన దాని మనికి యెల్ల;
పాలు లేని తల్లి పైచర్మమే పాలు;
తల్లి తోలు దినుచు పిల్ల పెరిగె.

ఇది కెన్యాలోని టైటా కొండల జాతి. శాస్త్రనామం బౌలెంజెరులా టైటానా. పిల్లలు పుట్టాక తల్లి పైచర్మం మందమై కొవ్వుతో నిండుతుంది, ఒంటి రంగు పాలిపోతుంది. పిల్లలకు పుట్టుకతోనే ప్రత్యేకమైన పళ్లుంటాయి. తల్లి కదలకుండా పడుకుంటే, ఒంటి మీద పాకుతూ ఆ పొరను గీరి గీరి తింటాయి. కొన్నాళ్లకు కొత్త పొర వస్తుంది, మళ్లీ తింటాయి. ఈ సంగతి 2006లో పరిశోధకులు ప్రకటించారు. నిర్వాహకుడు ఫోనులో ఇదంతా విని చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందనుకున్నాను.

వశిష్ఠ తీరం:
తెగలేదు. మా అమ్మ గుర్తొచ్చింది, అంతే.

"కనులు లేవు" అనకుండా "గానరావు" అన్నారు చూడండి, ఈ పూరణలో నన్ను పట్టేసింది ఆ మాట. కళ్లు నిజంగా ఉంటాయట. చర్మం కింద, కొన్ని జాతుల్లో ఎముక కింద దాగి ఉంటాయట. వాటికీ కానరావు, మనకూ కానరావు.

కొత్తావకాయ:
మరి దారి ఎలా తెలుస్తుందండీ?

జంతుశాస్త్రి:
కంటికీ ముక్కుకీ మధ్య చిన్న స్పర్శిక ఉంటుంది. అది బయటికి వస్తూ లోపలికి పోతూ వాసనలు పట్టి అందిస్తుంది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంకెవరికీ లేని అవయవం అది. దాన్ని కూడా పద్యంలో పెడదామనుకున్నాను, "స్పర్శిక" ఏ పాదంలోనూ ఒదగలేదు.

గౌతమి గట్టు:
ఒదగకపోవడం మీ పుణ్యం.

శాస్త్రి గారూ, "పాలు లేని తల్లి" అని గుండె మీద చెయ్యి వేసుకుని రాశారా? 2024లో బ్రెజిల్ నుంచి వచ్చిన వార్త మీ కంట పడలేదా? సైఫనాప్స్ అన్నులేటస్ అనే జాతిలో తల్లి తన శరీరం చివరి ద్వారం నుంచి కొవ్వు నిండిన పాలవంటి ద్రవం వదులుతుంది. పిల్లలు అక్కడ చేరి, చప్పుళ్లు చేసి మరీ అడిగి తాగుతాయి. అదే జాతి పిల్లలు తల్లి తోలూ తింటాయి. అంటే పాలూ ఉన్నాయి, తోలూ ఉంది. మీ మూడో పాదం అబద్ధం. పైగా మూడో పాదంలో "తల్లి", నాలుగో పాదంలో "తల్లి". సమస్యలోనే ఉన్న మాటను ముందుగా వాడేసి చప్పరిస్తే ఎలా?

జంతుశాస్త్రి:
పద్యం కెన్యా జంతువు మీద. తమరు బ్రెజిల్ జంతువును తెచ్చి సాక్ష్యం చెప్పిస్తున్నారు. రెండింటి మధ్య అట్లాంటిక్ మహాసముద్రం ఉంది. ఈ జీవుల్లో 200కు పైగా జాతులున్నాయి, కొన్ని గుడ్లు పెడతాయి, కొన్ని పిల్లల్ని కంటాయి. ఒకదాని గుణం ఇంకొకదానికి అంటగట్టడం, క్షమించాలి, సంక్రాంతి నాటి కోడిపుంజు పద్ధతి.

గౌతమి గట్టు:
ఇదిగో, వచ్చింది కోడిపుంజు. మీకు అది జీర్ణం కాదని నాకు తెలుసు.

కొత్తావకాయ:
కోడిపుంజు ఏమిటండీ? నేను అప్పుడు లేను.

లంకమేత:
"కోడిపుంజు గుడ్లు గూట బెట్టె" అని సంక్రాంతికి ఇచ్చారు. అందరం పుంజు చేత గుడ్లు పెట్టించడానికి నానా తంటాలు పడ్డాం. గౌతమి గట్టు గారు ఒకే ఒక్క కామా పెట్టి, పండుగకు వచ్చిన అల్లుడి కోసం పుంజునూ గుడ్లనూ గూట్లో పెట్టించేశారు. శాస్త్రి గారు "ఇది పూరణ కాదు, సర్దుడు" అన్నారు. అప్పటి నుంచి ఇద్దరూ "గారు" అని పిలుచుకుంటున్నారు.

జంతుశాస్త్రి:
గూట్లో పెట్టింది ఎవరు? ఆ పద్యంలో కర్త ఎక్కడ? ఇప్పటికీ జవాబు రాలేదు.

గౌతమి గట్టు:
జవాబు పద్యంలోనే ఇస్తాను. ఈసారి కర్త ఉంది. చూసుకోండి.

పాలబువ్వ గిన్నె పైన నీగలు మూగ,
అరుగు మీది కాకు లరచుచుండ,
వేపమండ దీసి విసుగక పగలెల్ల
తల్లి తోలు, దినుచు పిల్ల పెరిగె.

లంకమేత:
అయ్య బాబోయ్. తోలును! ఈగల్ని తోలడం! పక్కనే ఉన్న మాట నా మేకకు కనబడలేదు.

కొత్తావకాయ:
ఇక్కడ "దినుచు" ఎలా అని అడగబోయి ఆగిపోయాను. "తోలున్" క్రియ, ద్రుతాంతం, దాని మీద సరళం. అవునా?

వశిష్ఠ తీరం:
అవునమ్మా. నేను రాసిన పాదం నా అర్థం కంటే ఆవిడ అర్థంలోనే వ్యాకరణానికి గట్టిగా నిలబడుతోంది. నేను గసడదవాదేశం అని సర్దుకోవలసి వచ్చింది, ఆవిడకు ఆ అవసరమే లేదు. ఇది నాకు కొంచెం బాధగా ఉంది. చెప్పకపోతే ఇంకా బాధగా ఉంటుంది.

జంతుశాస్త్రి:
పద్యం బాగుంది. వేపమండ చాలా బాగుంది. మా మేనత్త అచ్చం అలాగే అరుగు మీద కూర్చునేది, మండ ఆడుతూ ఉండగానే కునుకు తీసేది, చెయ్యి మాత్రం ఆగేది కాదు. ఇక విమర్శ. కర్త వచ్చింది, కర్మ పోయింది. తల్లి తోలును సరే, వేటిని? ఈగలు మూగాయి, కాకులు అరిచాయి, వాక్యాలు అక్కడే ముగిశాయి. తోలడానికి ఏమీ మిగలలేదు. ఆవిడ పద్యాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు సెలవులో ఉంటారు.

గౌతమి గట్టు:
దాన్ని అధ్యాహారం అంటారు. వేపమండ పట్టుకున్న మనిషి ఏమి తోలుతుందో చెప్పవలసి వస్తే అది తెలుగువాళ్లకు రాసిన పద్యం కాదు.

జంతుశాస్త్రి:
అధ్యాహారానికి కూడా ఒక హద్దు ఉంటుంది.

కొత్తావకాయ:
అసలు ఈ సిసీలియన్ మన గోదావరి గట్టు మీద దొరుకుతుందా అండీ? సీసాలో తప్ప చూడలేదు.

జంతుశాస్త్రి:
మనదేశంలో ఎక్కువ భాగం పడమటి కనుమల్లో, ఆ తర్వాత ఈశాన్య రాష్ట్రాల్లో. చికిలిడే అనే కొత్త కుటుంబాన్ని ఈశాన్యంలోనే గుర్తించి 2012లో ప్రకటించారు. మన వైపు చెప్పుకోదగ్గది గెజెనియోఫిస్ ఓరియెంటాలిస్. 2013లో పేరు పెట్టారు. తూర్పు కనుమల్లో, ఒడిశాలోనూ మన రాష్ట్రంలోనూ సుమారు 1,200 మీటర్ల ఎత్తున్న చోట్ల దొరికింది. మన బోదె సముద్రమట్టానికి తాటిచెట్టంత ఎత్తున కూడా లేదు. అందుకే ఫొటో తెరవక ముందే నాకు అనుమానం. కొండల్లో కూడా దీన్ని చూసినవాళ్లు చాలామంది పామనుకుని కర్ర తీస్తారు. విషపు పామూ కాదు, పాపం, పామే కాదు.

గౌతమి గట్టు:
శాస్త్రి గారూ, మీ మూడో పాదం రాత్రంతా నాలుక మీద ఆడుతూనే ఉంది. అబద్ధం తీసేసి, రెండో "తల్లి"ని కూడా తప్పించి, ఇలా అనుకోండి:

పాలుగాని పాలు పైచర్మమే కాగ,

కెన్యాకూ బ్రెజిల్‌కూ రెండింటికీ సరిపోతుంది. నాకు పేరు అక్కర్లేదు.

జంతుశాస్త్రి:
"పాలుగాని పాలు."

పెట్టేసుకుంటున్నాను. "మే కాగ" దగ్గర మేక వినబడుతోంది, అది లంకమేత గారి వాటా అనుకుంటాను. ఆ కోడిపుంజు పద్యంలో కర్త అత్తగారేనా?

గౌతమి గట్టు:
మొదటి పాదంలోనే ఉంది. మీరు నాలుగో పాదం నుంచి చదవడం మొదలుపెట్టారు.

వశిష్ఠ తీరం:
ఇద్దరూ ఒకే పద్యంలో ఉండడం ఈ గుంపులో ఇదే మొదటిసారి. గడువు ముగిసింది. నా ఓటు వేపమండకు. శాస్త్రి గారి పద్యం సవరణతో సహా విడిగా దాచుకుంటాను, మా అమ్మకు చదివి వినిపించాలి.

కొత్తావకాయ:
ఇంతకూ ఆ పిల్ల మలుగు ఏమైందండీ?

వశిష్ఠ తీరం:
అడుగుతారనే భయపడ్డాను. ఫొటో తీసి తలెత్తేలోగా మేస్త్రీ గారు తువ్వాలులో చుట్టేశారు. సాయంత్రం పులుసు వాసన వీధంతా వచ్చింది. ఆయన మనవరాలు గుమ్మంలో కూర్చుని చూస్తోంది, బూడిదతో రుద్ది ఒలిచిన తోలు పక్కింటి పిల్లి లాక్కుపోయింది.

లంకమేత:
*పిల్లి తోలు దినగ పిల్ల జూచె.*

గౌతమి గట్టు:
ఇది ముందే పంపి ఉంటే మేకను వదిలేసేదాన్ని.