‘ఒకసారి చూడొచ్చు’ అన్న తీర్పు గురించి

మిత్రులకు నమస్కారం. సినిమా చూసి వచ్చినవారు చెప్పే ‘ఒకసారి చూడొచ్చు’ అనే మాట ‘వన్ టైమ్ వాచ్’కు మక్కీకి మక్కీ అనువాదమని, దానిని మంచి తెలుగుగా లెక్కించనక్కరలేదని మన బృందంలో ఒకరు రాశారు. ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆ రెండు పదాలలో ‘ఒకసారి’కి ఎంత విలువ కట్టాలో దాని పక్కనున్న క్రియే నిర్ణయిస్తుంది; అలా నిర్ణయించే పద్ధతి పూర్తిగా తెలుగుదే. ఈ సంగతి నాకు ఒక చిన్న ప్రశ్న వల్ల తెలిసివచ్చింది.

2025 సంక్రాంతికి న్యూజెర్సీ నుంచి మా మేనకోడలు కాకినాడ వచ్చింది. ఆ పండక్కి జనవరి 10, 12, 14 తేదీలలో మూడు పెద్ద సినిమాలు వరసగా విడుదలయ్యాయి కనుక, దేనికి వెళ్ళాలన్నది ఇంటింటా చర్చగానే ఉంది. వాటిలో ఒకటి చూసి వచ్చిన ఎదురింటి పిన్నిగారు గేటు తీస్తూ ఉండగా మా మేనకోడలు “సినిమా ఎలా ఉందండీ?” అని అడిగింది. ఆవిడ చెప్పులు విడుస్తూ, “బాగానే ఉందమ్మా, ఒకసారి చూడొచ్చు” అని లోపలికి వెళ్ళిపోయారు. మేనకోడలు నా వైపు తిరిగి, “మావయ్యా, రెండోసారి చూడకూడదా?” అని అడిగింది. ఆ పిల్ల అక్కడ పుట్టి పెరిగినా ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. ఆమె ప్రశ్నలో వ్యాకరణ దోషమేమీ లేదు సరికదా, చాలా శుద్ధమైన వ్యాకరణం ఉందని ఆ రాత్రి ఆలోచిస్తే అర్థమైంది.

‘వచ్చు’ అనే సహాయక క్రియను మనం కనీసం మూడు అర్థాలలో వాడుతున్నాము. ‘రేపు వాన పడవచ్చు’ అన్నప్పుడు అది సంభావన, అంటే జరిగే వీలుందని చెప్పడం. ‘మీరిక వెళ్ళవచ్చు’ అన్నప్పుడు అనుమతి. ‘ఈ హోటల్లో భోజనం చేయవచ్చు’ అన్నప్పుడు మాత్రం అది యోగ్యతను చెబుతుంది. అంటే చేస్తే నష్టం లేదని, డబ్బులు దండగ కావని భావం. ఇవి మూడూ ఒకే రూపంలో ఉన్నా, వ్యతిరేకార్థంలోకి మారిస్తే మూడు దారులు పడతాయి. వాన ‘పడకపోవచ్చు’, మీరు ‘వెళ్ళకూడదు’, ఆ హోటల్లో ‘తినలేం’. సినిమాకు వచ్చేసరికి ‘చూడొచ్చు’ అన్న తీర్పుకు ఎదురుగా నిలిచే మాట ‘చూడలేం’ అన్నదే కాని ‘చూడకూడదు’ అన్నది కాదు. హాలు మెట్లు దిగుతూ “అబ్బ, రెండో సగం చూడలేం బాబూ” అనేవారిని మనం ఎరుగుదుము. పిన్నిగారి మాటను మా మేనకోడలు అనుమతిగా తీసుకున్నది కనుకనే, నియమం ప్రకారం ‘చూడకూడదా’ అని అడిగింది. ఆమెకు తెలియనిది పదం కాదు. ఆ పదం సినిమా హాలు బయట తీసుకునే అర్థం.

ఇప్పుడు ‘ఒకసారి’ దగ్గరకు వస్తాను. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ‘ఒకసారి ఇటు రండి’, ‘ఒకసారి ఫోను ఇవ్వండి’ అన్నప్పుడు ఎవరూ సంఖ్యను లెక్కపెట్టరు. అక్కడ ఆ పదం ఆజ్ఞలోని పదును తగ్గించే మర్యాద. ‘ఒకసారి చూడొచ్చు’లో మాత్రం అది హద్దుగా మారుతుంది: ఒకటి దాటి అక్కరలేదు, ఆ ఒకటికి మాత్రం హామీ ఇస్తున్నాను అని అర్థం. అదే ‘ఒకసారి’ని తీసుకుని ‘ఒక్కసారైనా చూడాలి’ అనండి; తీర్పు తలకిందులవుతుంది. కకారం ఒత్తు పడి, ‘అయినా’ చేరి, ‘వచ్చు’ స్థానంలో ‘ఆలి’ వచ్చేసరికి, పై హద్దుగా ఉన్న ఒకటి కాస్తా కింది హద్దు అయిపోయింది. సామాన్యంగా ఉన్న సినిమాకూ, జన్మకొకటిగా నిలిచే సినిమాకూ మన ప్రేక్షకుడు వాడే అంకె ఒకటే. క్రియ చివర మారితే చాలు, ఒకటి పెదవి చప్పరింపు అవుతుంది, లేదా ప్రాధేయపడటం అవుతుంది. నాకు ఈ మాటలోని అందమంతా ఇక్కడే కనిపిస్తుంది.

ఇంకొక రూపం కూడా గమనించదగినది. కొందరు ‘ఒకసారి చూసేయొచ్చు’ అంటారు. ‘చూసివేయు’లోని ‘వేయు’ పని పూర్తయిపోవడాన్నీ, అది తేలికగా అయిపోవడాన్నీ సూచిస్తుంది కనుక, ‘చూడొచ్చు’ కంటే ఇందులో కొంచెం ఉల్లాసం ఎక్కువ. పిల్లలతో వెళ్ళండి, కాలక్షేపం అవుతుంది, పెద్దగా ఆలోచించకండి అని ఆ ‘ఏ’ చెబుతుంది.

పిన్నిగారి మొదటి మాటను కూడా విడిచిపెట్టలేను. ‘బాగుంది’ అనేది మెచ్చుకోలు; ‘బాగానే ఉంది’ అనేది ఒప్పుకోలు. అవధారణార్థకమైన, అంటే నొక్కి చెప్పే, ఏకారం మామూలుగా మాటను బిగిస్తుంది: ‘నేనే వెళ్ళాను’, ‘అక్కడే పెట్టాను’. ఆ లెక్కన ‘బాగానే ఉంది’ అంటే మరింత గట్టి ప్రశంస కావాలి. కాని వ్యవహారంలో అది ‘మీరు అనుకున్నంత చెడ్డగా లేదు’ అనే వైపుకు జరిగింది. ఎదుటివారి మనసులో ఉన్న అనుమానానికి ముందుగానే జవాబు చెబుతుంది. కొత్త కోడలి వంటను ఎవరైనా ‘బాగానే ఉంది’ అంటే ఆ పిల్ల ముఖం ఎందుకు చిన్నబోతుందో మనకు తెలుసు. ‘బాగానే ఉంది’ తరువాత ‘ఒకసారి చూడొచ్చు’ రావడంలో ఎంతో పొందిక ఉంది: రెండూ ఒక మెట్టు దగ్గర ఆగిన మాటలు. ‘అద్భుతంగా ఉంది, ఒకసారి చూడొచ్చు’ అని తెలుగువారెవరూ అనరు.

‘సారి’ స్థానంలో ప్రాంతాన్ని బట్టి వేరే పదాలు వస్తాయి. తెలంగాణలో ‘ఒక్కపారి’, రాయలసీమలో ‘ఒకతూరి’, పాత తరంలో ‘ఒకమారు’, ‘ఒక తడవ’ వినిపిస్తాయి. ఏ పదం పెట్టినా పైన చెప్పిన పద్ధతి చెడదు.

ఒకసారి అన్న అంకెకు ఇంత బరువు ఉండటానికి మన సినిమా అలవాట్లు కూడా కారణమని నేను అనుకుంటున్నాను. శతదినోత్సవాలు, రజతోత్సవాలు జరిగిన రోజులలో ఒక సినిమా ఎలా ఉందో చెప్పడానికి ‘నాలుగుసార్లు చూశాను’ అంటే చాలు, విశేషణం అక్కరలేదు. ‘బాహుబలి’ మొదటి భాగం 2015 జూలై 10న, రెండవది 2017 ఏప్రిల్ 28న వచ్చాయి. రెండవదానికి వెళ్ళేముందు మొదటి భాగాన్ని పట్టుబట్టి మళ్ళీ చూసినవారు మా ఇంట్లోనే నలుగురు ఉన్నారు. 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ను తెలంగాణ పల్లెలలో తెర కట్టి ఊరివాళ్ళంతా కూర్చుని చూశారు. అటువంటి సినిమాల పక్కన నిలబెట్టినప్పుడే ‘ఒకసారి’ తక్కువగా కనబడుతుంది. ఇప్పుడు కొన్ని వారాలకే సినిమా ఓటీటీలోకి వస్తోంది కనుక, ‘ఓటీటీలో వచ్చాక చూడొచ్చు’ అనే కొత్త మెట్టు దాని కింద చేరింది. దానితో ‘ఒకసారి చూడొచ్చు’ విలువ కొంత పెరిగింది కూడా. నలుగురు టిక్కెట్టు కొనుక్కుని, ఆటో కట్టించుకుని హాలుకు వెళ్ళడానికి తగిన సినిమా అనే అర్థం నేడు అందులో ఇమిడి ఉంది.

‘వన్ టైమ్ వాచ్’ సినిమాకు అతికించే చీటీ. ‘ఒకసారి చూడొచ్చు’ ఎదుటి మనిషికి ఇచ్చే సలహా. చెప్పేవారు తమ మాట మీద ఒక సాయంకాలాన్ని, కొంత డబ్బును ఖర్చు చేయమంటున్నారు. అందుకే ఎవరికి చెబుతున్నారన్నదాన్ని బట్టి మాట సాగుతుంది: ‘మీరు చూడొచ్చు, అమ్మగారికి నచ్చదు’ అంటారు. చీటీ అలా మనిషిని బట్టి మారదు.

మా మేనకోడలికి ఇదంతా ఆ రాత్రి చెప్పలేదు. “రెండోసారి కూడా చూడొచ్చమ్మా, కాని పిన్నిగారు వెళ్ళరు” అని మాత్రం చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, “అంటే మనం వెళ్దామా, వద్దా?” అంది. మరునాడు మ్యాట్నీకి వెళ్ళి చూసి వచ్చాము. తిరిగి వస్తుంటే గేటు దగ్గర పిన్నిగారు ఎలా ఉందని అడిగారు. “బాగానే ఉందండీ” అంది మా మేనకోడలు. ఆ ‘నే’ను సరిగ్గా ఎంత సాగదీయాలో అంతే సాగదీసింది.