దీర్ఘకాలిక నడుము నొప్పితో సొంత బైండింగ్ యూనిట్: రోజును, ఆర్డర్లను ఎలా సర్దుకోవాలి?

అట్టపని:
మాది చిన్న ప్రింటింగ్, బైండింగ్ యూనిట్. నాతో కలిపి ముగ్గురం. నడుము నొప్పి మూడు నెలలు దాటి దీర్ఘకాలికం లెక్కలోకి వచ్చేసింది. పరీక్షలన్నీ అయ్యాయి, ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామం, మందులతో నెట్టుకురావాలన్నారు. ఒంట్లో బాగున్న రోజు పేరుకున్న పనంతా లాగేయడం, ఆ తర్వాత రెండు మూడు రోజులు లేవలేకపోవడం, డెలివరీలు తప్పడం. ఇదే వరస. నిలబడి కటింగ్, కూర్చుని కంప్యూటర్, కాగితం పెట్టెలు ఎత్తడం, మూడూ ఉంటాయి. "విశ్రాంతి తీసుకో" అనడం కాకుండా, పనిని ఎలా మలచుకోవాలో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కదలిక (ఫిజియోథెరపీ):
ఆ వరసకు మూలం ఒకటే అండీ. పని ఎప్పుడు ఆపాలో నొప్పి చెబుతోంది. అది చెప్పేసరికే ఆలస్యమైపోతుంది. దీర్ఘకాలిక నొప్పిలో నరాల వ్యవస్థ చిన్నదానికీ అతిగా స్పందిస్తుంటుంది. చేసిన పనికి ఫలితం చాలాసార్లు అప్పుడే తెలియదు, ఆ రాత్రో మర్నాడో బయటపడుతుంది. అందుకే గడియారం చూసి ఆపాలి.

కొలత ఇలా తీయండి. నిలబడి కటింగ్ చేస్తుంటే నొప్పి పెరగడం ఎన్ని నిమిషాలకి మొదలవుతుందో మూడు వేర్వేరు రోజుల్లో చూడండి. వాటిలో ఒకటి బాగున్న రోజు, ఒకటి బాగాలేని రోజు ఉండాలి. 30, 20, 25 వచ్చాయనుకోండి, సగటు 25. అందులో ఐదో వంతు తీసేస్తే 20. అదే మీ మోతాదు. 20 నిమిషాలకి టైమర్ మోగితే, ఇంకా రెండు కట్టలే మిగిలినా సరే, ఆపేయాలి. కూర్చునే పనికి, నడకకి విడిగా కొలుచుకోవాలి. ఒకదాని అంకె మరోదానికి చెల్లదు.

ఆపడమంటే పడుకోవడం కాదు. కటింగ్ నుంచి కంప్యూటర్‌కి, అక్కడి నుంచి లేచి నడిచే పనికి, మళ్లీ కటింగ్‌కి. ఒకే కండరాల మీద వరసగా భారం పడకపోతే చాలు.

బాగున్న రోజూ బాగాలేని రోజూ వారమంతా ఆ మోతాదు నిలిచిందా, అప్పుడు పదో వంతు పెంచండి, 20 నుంచి 22కి. దెబ్బతినేది ఎక్కడంటే, హాయిగా ఉన్న రోజున 20కి ఆపడానికి మనసొప్పదు. ఆ రోజున ఆపడమే అసలు వైద్యం, మిగతాదంతా దాని తర్వాతే. నొప్పి విజృంభించిన రోజున మోతాదును సగానికి దించండి, సున్నా మాత్రం చేయకండి. రెండు మూడు రోజుల్లో పాత అంకెకి రండి.

ఒక్క హెచ్చరిక. మూత్రం రాకపోయినా, మలమూత్రాల మీద పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, రెండు కాళ్లలోనూ బలం తగ్గినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. "ఎప్పుడూ ఉండే నొప్పేగా" అనుకోకూడదు.

బరువులెక్క:
కాగితం బరువు లెక్క వేసి చూడండి. ఏ4, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) రీము, అంటే 500 కాగితాల కట్ట, దాదాపు 2.5 కిలోలు. అయిదు రీముల పెట్టె 12.5 కిలోలు. బరువులెత్తే పనికి అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ఉంది. దాని ప్రకారం అన్నీ అనుకూలంగా ఉంటేనే పరిమితి 23 కిలోలు. అంటే బరువు ఒంటికి 25 సెం.మీ. దూరంలో, నేల నుంచి 75 సెం.మీ. ఎత్తులో ఉండాలి, నడుము తిప్పకూడదు. అదే బరువును 50 సెం.మీ. ముందుకి చాచి పట్టుకుంటే పరిమితి సగమై 11.5 కిలోలకి పడిపోతుంది. అంటే బల్ల అవతలి అంచున ఉన్న పెట్టెను చేతులు చాచి ఎత్తితే, ఏ నొప్పీ లేని మనిషికే అది హద్దు దాటిన బరువు.

కాబట్టి పెట్టెను ఎత్తకండి. ఉన్నచోటే టేపు కోసి రీములు ఒక్కొక్కటే తీయండి. స్టాకు నేల మీద వద్దు, 75 సెం.మీ. దగ్గరి అర రోజూ వాడే సైజులకి, కింది అర అరుదుగా తీసేవాటికి. ట్రాలీ పైతలం, బల్ల పైతలం ఒకే ఎత్తులో ఉంటే రీముని ఎత్తకుండా జరిపేయొచ్చు. ట్రాలీని లాగకండి, తొయ్యండి. పక్కకి తిరగాల్సి వస్తే ముందు పాదాలు తిరగాలి, తర్వాతే ఒళ్లు. సరుకు తెచ్చేవాళ్లే అరలో సర్దిపెట్టాలని కొనుగోలు ఆర్డర్‌లోనే రాసేయండి, దించాక బతిమాలితే ఎవరూ చేయరు.

బల్ల ఎత్తు: రోజూ వేసుకునే చెప్పులతో నిలబడి మోచేయి ఎత్తు కొలవండి. కుట్టు, అతికింపు లాంటి సన్నపనికి బల్ల మోచేతికన్నా 5–10 సెం.మీ. పైన, మామూలు పనికి 5–10 సెం.మీ. కింద, చేత్తో నొక్కి కోసే పనికి 15 సెం.మీ. లేదా ఇంకా కింద ఉండాలి. ఉన్నది ఒక్కటే బల్లయితే సన్నపనికి సరిపోయేలా పెట్టి, నొక్కే పని వచ్చినప్పుడు కాళ్ల కింద గట్టి, జారని చెక్క వేదిక వేసుకోండి. 10–15 సెం.మీ. పీట మీద కాళ్లు మార్చి మార్చి పెడుతుంటే నడుము మీద పట్టు సడలుతుంది. బల్ల కింద పాదం దూరే చోటు లేకపోతే మాత్రం ఈ కొలతలన్నీ వృథా, ఎలాగూ ముందుకి వంగే నిలబడాల్సొస్తుంది. ల్యాప్‌టాప్ వాడితే ఎత్తు మీద పెట్టి కీబోర్డు వేరే పెట్టుకోండి.

చిట్టాపద్దు:
ఒంటి సంగతి పైన చెప్పారు. డెలివరీలు తప్పడానికి సగం కారణం తేదీలు చెప్పే పద్ధతిలో ఉంటుంది.

నాలుగు రోజుల పనికి ఆరు రోజులు చెప్పండి. ఆ రెండు రోజులనీ ఒక్కో దశకి పంచకుండా చివర్లో ఉంచండి, పంచితే ఎక్కడికక్కడ ఖర్చయిపోతాయి. వారానికి మీ సామర్థ్యంలో 70 శాతానికి మించి బుక్ చేయకండి. మిగతా 30 శాతం వెనకబడ్డ పని కోసం. ఖాళీ కనబడగానే అర్జెంటు ఆర్డరు పెట్టేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఆర్డర్ కాగితం మీద "ప్రూఫు ఓకే చేసి, అడ్వాన్స్ అందిన రోజు నుంచి 6 పనిదినాలు" అని రాయండి. కస్టమరు ప్రూఫు (అచ్చుకి ముందు సరిచూసే నమూనా) దగ్గర వారం నానిస్తే ఆ వారం మీ గడువులోంచి పోదు. అడ్వాన్స్ కనీసం కాగితం, అట్ట ఖర్చుకి సరిపోవాలి.

తర్వాత, మీరు లేకపోతే ఆగిపోయే పనులు రాయండి. ధర చెప్పడం, ప్రూఫు చూడటం, మెషీన్ సెట్టింగు, చెల్లింపులు, పాస్‌వర్డులు. సాధారణంగా ఇంతే. ఒక్కోదానికి రెండో మనిషిని తయారుచేయాలి. ధరకి పేజీలు, కాపీలు, బైండింగు రకం బట్టి పట్టిక వేసి కౌంటర్ దగ్గర పెట్టండి. ప్రూఫుకి ఒక చీటీ: పేజీల సంఖ్య నాలుగుతో భాగిస్తే మిగులు రాకూడదు (కాగితాలు మధ్యకి మడిచి పిన్ను కొట్టే బైండింగుకి), అంచుల్లో 3 మి.మీ. బ్లీడు (కోతలో పోయే అదనపు అచ్చు) ఉందా, వెన్ను వెడల్పు డమ్మీతో (అదే కాగితంతో కట్టిన ఖాళీ నమూనాతో) కొలిచారా, పేర్లలో అక్షరాలు సరిగ్గా ఉన్నాయా. చీటీ సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి, బాగున్న రోజునే ఒక పూట మీరు పక్కకి తప్పుకుని వాళ్లతో చేయించండి. ఎక్కడ అడగడానికి వస్తారో చీటీలో ఆ వాక్యమే లేదన్నమాట.

బిల్లు డెలివరీ రోజే ఇవ్వండి. ఒంట్లో బాగాలేని వారంలో ముందు జారిపోయేవి బిల్లులే, నెల తర్వాత దాని దెబ్బ తెలుస్తుంది.

ఆలస్యం తప్పదంటే గడువుకి ముందు రోజే మీరే ఫోన్ చేయండి. "గురువారం బదులు శనివారం ఇస్తాం. అట్టలు తయారు, కుట్టు మిగిలింది. శుక్రవారం మళ్లీ చెబుతాం." జబ్బు వివరాలు చెప్పక్కర్లేదు, కస్టమరుకి కావాల్సింది కొత్త తేదీ.

మందులకౌంటర్ (ఫార్మసిస్ట్):
గిలటిన్ కట్టర్ (కాగితం కట్టలు కోసే కత్తి మెషీన్) ఉన్న చోట ఇది తప్పక చెప్పాలి. నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, ట్రమడాల్ మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు మత్తు, తల తిరగడం ఉండొచ్చు. ఆ రోజుల్లో కట్టర్ మీద వేరేవాళ్లు ఉండాలి. మత్తులో లెక్క తప్పకుండా, కస్టమర్లకి కొత్త ధరలూ మర్నాడే చెప్పండి. అమిట్రిప్టిలిన్ మత్తు ఉదయం దాకా లాగుతుంటే, రాత్రి ఇంకాస్త ముందుగా వేసుకోవచ్చా అని డాక్టరుగారిని అడగండి. వీటిలో ఏదీ సొంతంగా ఒక్కసారి మానేయకూడదు.

పారాసిటమాల్ పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు గరిష్ఠం, అంటే 500 మి.గ్రా. మాత్రలు ఎనిమిది. కాలేయం జబ్బు, మద్యం, తక్కువ బరువు ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ ఇదే ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఖాళీ కడుపున రోజుల తరబడి వాడకండి. బీపీకి ఏసీఈ ఇన్‌హిబిటర్ లేదా ఏఆర్‌బీతో పాటు నీరు పోయే మాత్ర కూడా వాడుతుంటే, వాటికి ఈ ఐబూప్రొఫెన్ లాంటివి కలిపితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. డెలివరీ రోజు కదా అని అదనంగా ఒకటి వేసుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

అట్టపని:
అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. కస్టమరు ఎదురుగా నిలబడి ఉండగా టైమర్ మోగితే ఎలా? నొప్పి డైరీ రాయాలా?

కదలిక (ఫిజియోథెరపీ):
టైమర్ వైబ్రేషన్‌లో జేబులో పెట్టుకోండి. కౌంటర్ వెనక ఎత్తయిన స్టూలు ఉంచండి. మాట ఆపక్కర్లేదు, నిలబడి ఉన్న మీరు ఆ స్టూలు మీద సగం కూర్చుంటే చాలు. ప్రూఫు కాగితాలు పక్క బల్ల మీద పరిచి "ఇక్కడ చూద్దాం రండి" అంటే మీరూ నాలుగడుగులు వేసినట్టవుతుంది.

డైరీ గంటగంటకీ రాయకండి, అది ధ్యాసంతా నొప్పి మీదికే లాగుతుంది. రాత్రి ఒక్క వరస చాలు: నిద్ర గంటలు, టైమర్ ఎన్నిసార్లు దాటారు, మొత్తంగా 0–10లో ఎంత. రెండు వారాలయ్యాక టైమర్ దాటిన రోజుల పక్కనే మర్నాటి అంకెలు చూడండి. ఆ కాగితం తీసుకెళ్లి మీ ఫిజియోకి చూపించండి, మోతాదు ఎక్కడ మార్చాలో దాన్ని బట్టి చెప్పగలరు.