పక్కపక్క స్థలాలకు ఒకే ఆస్తి పన్ను: యజమానుల పేర్లు వేరైతే ఎలా?

మాకు ఆనుకొని ఉన్న రెండు స్థలాల మీద కలిపి ఒకే ఇల్లు కట్టుకున్నాం. హద్దు గీత సరిగ్గా వంటగది మధ్యలోంచి పోతుంది. అయినా పన్ను నోటీసులు రెండు వస్తున్నాయి, పైగా రెండోదాన్ని ఖాళీ స్థలంగా లెక్కేస్తున్నారు. ఇది మాత్రం అన్యాయమే అనిపిస్తోంది, మా పొయ్యి ఉన్నది ఆ వైపే.

ఆరు నెలల క్రితం రెండు దస్తావేజులు, సర్వే పటం, బకాయిల్లేని రసీదులు జతచేసి, రెండూ కలపమని దరఖాస్తు పెట్టాను. మూడు వారాలకు తిప్పి పంపారు. ఒకటి నా ఒక్కడి పేరున, రెండోది నా పేరుతో పాటు నా భార్య పేరున ఉందట. ఇద్దరం అఫిడవిట్ ఇచ్చినా ఒప్పుకోలేదు. మొదటి స్థలం మీద బ్యాంకు లోన్ నడుస్తోంది కాబట్టి, ఇప్పుడు పేరు మార్చాలంటే టెన్షన్‌గా ఉంది.

దస్తావేజులు ముట్టుకోకుండా పన్ను లెక్క వరకే ఇలాంటి స్థలాలను కలిపించుకున్నవాళ్లు ఉంటే, ఏ కాగితం చూపించి ఒప్పించారో చెప్తారా?