పాలు కాగినయి, మరి మిల్క్‌కు ‘ఆర్’ ఎందుకు రాదు?

సభ్యులందరికీ నమస్కారం. మనుషుల, ఊర్ల, వస్తువుల పేర్లే నామవాచకాలని చెప్పేస్తే పిల్లలకు ఇంగ్లీషు నౌన్ అర్థమైనట్టేనా అన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు రాస్తున్నాను. ఆ నిర్వచనం సరైనదే. నౌన్‌కు మూలమైన లాటిన్ ‘నోమెన్’, మన ‘నామం’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు, రెండింటికీ అర్థం పేరు అనే. ఆ పేరును ఒకటిగా చూడాలా, అనేకంగా చూడాలా అన్న దగ్గరే మన పిల్లలు తడబడతారు.

హనుమకొండలో ఆరో తరగతి చదువుతున్న మా తమ్ముని బిడ్డ మొన్న తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ‘ది మిల్క్ ఆర్ హాట్’ అన్న వాక్యంలో ‘ఆర్’ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పైన ‘ఈజ్’ అని రాసి ఉంది. కారణం మాత్రం ఎవరూ చెప్పలేదట. “పాలు కాగినయ్ అంటం గదా పెద్దబాపూ, కాగింది అనం. మరి నేను రాసిందెట్ల తప్పయితది?” అని అడిగింది. ఎంతో న్యాయమైన ప్రశ్న అది. ఇంట్లో విన్న వచనాన్ని నమ్మకంగా పాటించినందుకే ఆ పిల్ల వాక్యం తప్పయింది.

పాలు, వడ్లు, జొన్నలు, కందులు తెలుగులో ఎప్పుడూ బహువచనాలే. బియ్యం అన్న మాట చివర ‘లు’ లేకపోయినా ‘బియ్యం అయిపోయినయి’ అనే అంటాం. ఇంగ్లీషు మాత్రం మిల్క్‌ను, రైస్‌ను, ప్యాడీని, వీట్‌ను విడదీయని ఒకే రాశిగా చూస్తుంది కాబట్టి, వాటికి ఏకవచన క్రియ వస్తుంది, మామూలుగా ముందు ‘ఎ’ గాని చివర ‘ఎస్’ గాని చేరదు. లెక్క చెప్పాలంటే ‘టూ గ్లాసెస్ ఆఫ్ మిల్క్’ అని కొలతను తోడు తెచ్చుకోవాలి. ఎనుమాముల మార్కెట్‌కు వెళ్ళిన రైతు కూడా వడ్లను బస్తాల్లో, క్వింటాళ్ళలో చెబుతాడే తప్ప గింజల్లో చెప్పడు కదా.

అలాగని ఇంగ్లీషుది అంతా తర్కమే అనుకోనక్కరలేదు. గోధుమలకు వాడే ‘వీట్’ ఏకవచనమైతే, ‘ఓట్స్’ బహువచనం. బఠాణీలకు వెనుకటి కాలంలో ఇంగ్లీషులో ‘పీజ్’ అనే ఏకవచన రూపం ఉండేది. దాని చివరి ధ్వని బహువచన ప్రత్యయంలా వినిపించినందువల్ల జనం దాన్ని తీసేయగా, 17వ శతాబ్దంలో ‘పీ’ అనే కొత్త ఏకవచనం వాడుకలోకి వచ్చింది. మన వైపు చూసినా అంతే: పాలు ‘కాగినయి’, అవే తోడుకుంటే పెరుగు ‘అయింది’, బియ్యం ‘ఉడికినయి’, అన్నం ‘అయింది’. ఒకే గిన్నెలో ఉండగానే వచనం మారిపోతున్నది. ఇంత అందమైన ఉదాహరణ వంటింట్లోనే ఉండగా పాఠంలో దీన్ని ఎందుకు చూపరో నాకు బాధగా ఉంటుంది.

మనం ఒకటి, రెండు అని లెక్కపెట్టినా ఇంగ్లీషు లెక్కపెట్టని మాటలూ ఉన్నాయి. మనకు రెండు సలహాలు, మూడు సమాచారాలు ఉంటాయి గాని, ఇంగ్లీషులో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్ అన్నవాటికి ‘ఎస్’ చేరదు. ‘ఫర్నిచర్స్’ అని దుకాణాల బోర్డుల మీద రాసి ఉండడం వల్ల పిల్లలకు అదే సరైనదనిపిస్తుంది.

ఆ రోజు మేమిద్దరం నోటుపుస్తకంలో మూడు వరుసలు గీశాం. తెలుగులో ఎప్పుడూ బహువచనమై ఇంగ్లీషులో ఏకవచనమయ్యేవి మొదటి వరుసలో, సలహా లాగా తెలుగులో లెక్కపెట్టి ఇంగ్లీషులో లెక్కపెట్టనివి రెండో వరుసలో, రెండు భాషల్లోనూ ఏకవచనంగానే ఉండేవి మూడో వరుసలో రాశాం. ఉప్పు, పిండి, ఇసుక, నెయ్యి అన్నవి మూడో వరుసకు తనంతట తానే చెప్పింది. మొదటి వరుస త్వరగానే నిండింది. రెండో వరుసలో నాలుగు మాటలే ఉన్నాయి; సభ్యులకు ఇంకేవైనా తోస్తే దయచేసి రాయగలరు, ఆమెకు చూపిస్తాను.